ఇరవై ఏడు సున్నుండలు

మీ సర్వీసులో గొప్ప రోజు ఏదని అడిగితే టీచర్లు సాధారణంగా తమ పిల్లలు గెలిచిన రోజు గురించి చెబుతారు. నేను చెప్పబోయేది నా శిష్యురాలు ఓడిపోయిన రోజు. ఓడించింది నేనే. పోర్ట్ బ్లెయిర్‌లో లెక్కలు చెబుతూ జుట్టు నెరిసి, రిటైరై, ఇప్పుడు ఎయిర్‌పోర్టు పక్కనున్న లంబాలైన్‌లో మా వరండాలో కూర్చుని విమానాలు దిగడం చూస్తుంటాను. ఉద్యోగంలో గడిచిన రోజులు చాలావరకు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అది మాత్రం కలవలేదు.

లెక్కల మీద మోజున్న పిల్లలకీ, వాళ్ళకి పాఠం చెప్పబోయే కొత్త టీచర్లకీ పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నా జబ్బు సంగతి ముందే చెప్పాలి. బోర్డు మీద సూత్రం అందంగా కనిపించాలని నాకు పట్టుదల. సూత్రం రాసి, చుట్టూ పెట్టె గీసి, కింద రెండు గీతలు కొట్టాలి. ఆ సూత్రం పక్కన "ఒకవేళ", "అయితేనే", "తప్ప" లాంటి మాటలు వస్తే పెట్టె పాడవుతుంది. అందుకని షరతులు నోటితో ఒకసారి అనేసి, బోర్డు మీద రాయకుండా దాటేసేవాణ్ణి. "షరతు పరీక్షలో అడగరు" అనేది నా పేరు మీద పిల్లలు చెప్పుకునే మాట. అది నేను నిజంగా అన్నదే.

ఇక సంఖ్యా సిద్ధాంతం. పేరు చూసి భయపడకండి, అందులో ఉండేవి మనం ఊహ తెలిసినప్పుడు నేర్చుకున్న ఒకటి, రెండు, మూడే. దశాంశాలు లేవు, కోణాలు లేవు, గ్రాఫులు లేవు. నేను శ్రీకాకుళం వైపు కాలేజీలో డిగ్రీ చదివేటప్పుడు ఆ పేపరు ఉండేది. బట్టీ పట్టి పాసయ్యాను. విశాఖ నుంచి ఓడెక్కి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాక దాన్ని క్లాసులో గారడీలా వాడుకున్నాను. తొమ్మిదితో భాగం పోతుందో లేదో చూడాలంటే అంకెలు కూడండి, పదకొండుతో అయితే ఒకటి విడిచి ఒకటి కూడి తేడా చూడండి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఎందుకలా అవుతుందని ఏ ఒక్కరూ అడగలేదు. అడగకుండా నేనే చూసుకునేవాణ్ణేమో.

అడిగిన అమ్మాయి ఒకతె వచ్చింది.

పదో తరగతి. వాళ్ళది డాలీగంజ్. తాత కళింగపట్నం దగ్గర నుంచి వచ్చి స్థిరపడ్డాడు, తండ్రి ఇక్కడే పుట్టాడు. కిరాణా కొట్టు. కొట్లో ఒక మూల పిల్ల తల్లి చేసిన సున్నుండలు అమ్మేవారు. ఊళ్ళో తెలుగువాళ్ళే కాదు, బెంగాలీలూ తమిళులూ కూడా వాటి కోసం వచ్చేవారు. ఆ తండ్రికి ఒక నియమం ఉండేది. సున్నుండలు డబ్బాల్లోనే అమ్ముతాడు, విడిగా ఇవ్వడు. ఓడ మీద వచ్చే ప్లాస్టిక్ డబ్బాలు రెండే రకాలు. చిన్నదాంట్లో ఐదు పడతాయి, పెద్దదాంట్లో ఎనిమిది. మూత విప్పితే ఇక్కడి చెమ్మగాలికి మర్నాటికే మెత్తబడి ముక్కిపోయిన వాసన కొడతాయి. అందుకని ఎవరెంత బతిమాలినా డబ్బా విప్పేవాడు కాదు.

సాయంత్రాలు ఆ పిల్ల కౌంటర్లో కూర్చునేది. ఒకరోజు ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒకాయన వచ్చి, తన ఆఫీసులో మనిషికొకటి పంచాలి, ఇరవై ఏడు కావాలన్నాడట. మూడు పెద్ద డబ్బాలు తీస్తే ఇరవై నాలుగు, ఇంకా మూడు కావాలి. రెండు పెద్దవి తీస్తే పదకొండు కావాలి, అది ఐదుల్లో రాదు. ఒకటే పెద్దది తీస్తే పందొమ్మిది, అదీ రాదు. అన్నీ చిన్నవే తీసినా ఇరవై ఏడు రాదు. ఆయన విసుక్కుని ఇరవై ఎనిమిది పట్టుకుపోయాడు. పిల్ల మాత్రం ఇరవై ఏడు దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు క్లాసు అయ్యాక నా వెనకే వరండాలోకి వచ్చింది.

"సర్, ఇరవై ఏడు ఇవ్వలేం. కానీ ఆ తర్వాత ఏది అడిగినా ఇచ్చేయొచ్చు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై... నూరు దాకా చూశాను. క్యోం సర్?"

"బోర్డు పరీక్షలు దగ్గర పడుతున్నాయి. త్రికోణమితి చూసుకో" అన్నాను.

"చూసుకుంటా సర్. కానీ క్యోం?"

ఎందుకన్న ఆ "క్యోం" నన్ను వారం రోజులు వెంటాడింది. ఈలోపు ఆమె ఊరుకోలేదు. డబ్బాల సైజులు మార్చి చూసింది. నాలుగు, ఏడు అయితే ఆఖరున ఇవ్వలేనిది పదిహేడు. ఐదు, ఆరు అయితే పందొమ్మిది. రెండు సైజులనీ గుణించి, అందులోంచి రెండింటినీ తీసేస్తే ఆ ఆఖరి సంఖ్య వస్తుందని తనే కనిపెట్టింది. ఐదు ఎనిమిదులు నలభై, అందులోంచి ఐదూ ఎనిమిదీ తీస్తే ఇరవై ఏడు.

ఇదెప్పుడో తెలిసిన ఫలితమేనని నాకు లీలగా గుర్తుంది. ఎలా నిరూపిస్తారో గుర్తులేదు. ఆ మాట ఆమెకి చెప్పడానికి నామోషీ.

ఒకరోజు మధ్యాహ్నం ఖాళీ క్లాసులో బెంచీ మీద డబ్బా మూతలు పరిచి ఆమే నాకు చెప్పింది. చిన్న డబ్బాలు పక్కన పెట్టండి సర్, పెద్దవే చూడండి. ఒక్క పెద్ద డబ్బా ఉంటే ఎనిమిది, దాన్ని ఐదుతో భాగిస్తే మూడు మిగులు. రెండయితే పదహారు, ఒకటి మిగులు. మూడయితే నాలుగు మిగులు. నాలుగయితే రెండు మిగులు. పెద్దది అసలు లేకపోతే మిగులే లేదు.

"ఐదుతో భాగిస్తే ఎన్ని రకాల మిగుళ్ళు వస్తాయో అన్నీ వచ్చేశాయి సర్. ఏదీ రెండుసార్లు రాలేదు. ఇంక ఎవరు ఎంత అడిగినా, దాని మిగులు ఏదో చూసి అన్ని పెద్ద డబ్బాలు ఇస్తాను. మిగతాదంతా చిన్న డబ్బాలే. బస్."

అన్నిటికంటే ఆలస్యంగా దొరికేది రెండు మిగులు, దానికి నాలుగు పెద్ద డబ్బాలు కావాలి, అంటే ముప్పై రెండు. రెండు మిగిలే సంఖ్యల్లో దానికి ఐదు తక్కువ, ఇవ్వలేకపోయిన ఆఖరిది, ఇరవై ఏడు. అంతే, అయిపోయింది. బెంచీ మీద మూతలు తప్ప ఏమీ లేవు. అన్నేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఒక నిరూపణ నా కళ్ళముందు పుట్టడం అదే మొదటిసారి చూడటం.

ఆమె అక్కడితో ఆగలేదు. ఇవ్వగలిగిన ప్రతి సంఖ్యకీ ఇవ్వలేని జోడీ ఒకటుందని చూపించింది. రెండూ కలిపితే ఇరవై ఏడు. ఐదు ఇవ్వగలం, ఇరవై రెండు ఇవ్వలేం. ఎనిమిది ఇవ్వగలం, పందొమ్మిది ఇవ్వలేం. పదమూడు ఇవ్వగలం, పద్నాలుగు ఇవ్వలేం. ఒకటి నుంచి ఇరవై ఏడు దాకా ఒక్క సంఖ్య కూడా ఒంటరిగా మిగలదు. ఎవరో కూర్చుని పెళ్ళిళ్ళు కుదిర్చినట్టు ఉంటుంది.

పిల్లలూ, సంఖ్యా సిద్ధాంతంలో నన్ను కట్టిపడేసేది ఇదే. మెయిన్‌లాండ్‌లో ఉన్నన్ని లైబ్రరీలు, కోచింగులు ఈ ద్వీపాల్లో మాకు లేవు. ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయలే ఉండవు. కానీ ఐదు, ఎనిమిది ఇక్కడ కూడా ఐదు, ఎనిమిదే. వాటి మధ్య ఏం జరుగుతుందో కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు, పడవ టికెట్ అక్కర్లేదు. ప్రశ్న సున్నుండల డబ్బాలంత చిన్నది. దాన్ని పట్టుకుని నడిస్తే ఎంత దూరం పోతామో ఎవరికీ తెలియదు.

అప్పట్లో నేను మాత్రం ఇలా ఆలోచించలేదు. నాకొచ్చిన ఆలోచన వేరు.

ద్వీపాల స్కూళ్ళన్నిటికీ కలిపి సైన్సు, లెక్కల ప్రదర్శన జరగబోతోంది. అందులో నెగ్గిన పిల్లలు మెయిన్‌లాండ్‌లో జరిగే పెద్ద ప్రదర్శనకి వెళ్తారు. మా స్కూలు తరఫున లెక్కల నుంచి ఎప్పుడూ ఎవరూ నెగ్గలేదు. ఎప్పుడూ నెగ్గేవాడు నా పక్క కుర్చీలో కూర్చునే ఫిజిక్స్ మాస్టారు. బెంగాలీ, నన్ను అన్నలా దాదా అని పిలిచేవాడు, మోడల్స్ చేయించడంలో సిద్ధహస్తుడు.

అదే సమయంలో ఆమె తండ్రి ఒకరోజు స్కూలుకి వచ్చాడు. పదకొండులో అమ్మాయిని కామర్స్‌లో చేర్పిస్తానని, కొట్టు పనికి పనికొస్తుందని చెప్పాడు.

"మీ అమ్మాయికి లెక్కలు ఇప్పించాలండీ. సంఖ్యా సిద్ధాంతంలో మంచి బుర్ర" అన్నాను.

"అంటే పేరులో ఒక అక్షరం మార్చుకుంటే కలిసొస్తుందంటారే, అదా మాస్టారూ? మా బావమరిది మార్చుకున్నాడు. ఏం కలిసిరాలేదు."

"అది కాదండీ. ఇది నిజం లెక్క."

"మరి దీంతో ఏం చేస్తుంది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోకుండా, నోటికొచ్చినట్టు పందెం కాశాను. "ప్రదర్శనలో నెగ్గి మెయిన్‌లాండ్ వెళ్తే లెక్కలు ఇప్పించండి. నెగ్గకపోతే మీ ఇష్టం."

ఆయన సరేనన్నాడు. ఆ పిల్లకి ఈ సంగతి చెబితే నా వంక వింతగా చూసింది.

"దానికీ దీనికీ ఏంటి సంబంధం సర్?"

నిజంగానే ఏ సంబంధమూ లేదు. ఆమె చదువుని తీసుకెళ్ళి నేను నా గెలుపుకి కట్టేశాను. మొదటి తప్పు అదే.

రెండో తప్పు థర్మకోల్‌తో మొదలైంది. ప్రదర్శన అంటే మోడల్ ఉండాలి. నిరూపణ పట్టుకుని వెళ్తే "మోడల్ ఏదీ?" అంటారు. ఫిజిక్స్ మాస్టారు సలహా ఇచ్చాడు. "బల్బు వెలగాలి దాదా. బల్బు వెలగకపోతే జడ్జి ఆగడు. ఈసారి నా అగ్నిపర్వతం పొగ కూడా వదులుతుంది, చూసుకో."

అందుకని బల్బులు పెట్టాం. ముప్పై బటన్లున్న చెక్క పలక. ఐదు, ఎనిమిది డబ్బాలతో ఇవ్వగలిగిన సంఖ్య నొక్కితే ఆకుపచ్చ బల్బు, ఇవ్వలేనిది నొక్కితే ఎర్ర బల్బు. పక్కన థర్మకోల్‌తో చేసిన కొట్టు, అందులో దూది సున్నుండలు. అమ్మాయికి ఇవేవీ నచ్చలేదు. వైర్లు కలుపుతూ "ఇది ఏం చెప్తోంది సర్? బల్బుకి తెలిసిందల్లా నేను ముందే చెప్పిందే కదా" అంది. ఆమెకి ముఖ్యమైనది పైన పెట్టే ఫలకం. దాని మీద ఏం రాయాలో హిందీలో తనే రాసుకొచ్చింది. రెండు సైజుల డబ్బాలు తీసుకోండి, ఆ రెండు సంఖ్యలనీ భాగించేది ఒకటి తప్ప ఇంకేదీ ఉండకూడదు, అప్పుడు ఆఖరున ఇవ్వలేనిది ఇది అని.

నేను థర్మకోల్ అక్షరాలు కోస్తున్నాను. మధ్యలో ఉన్న ఆ వాక్యం మరీ పొడుగ్గా ఉంది. అది పెడితే అక్షరాలు చిన్నవి చెయ్యాలి, దూరం నుంచి కనబడవు. నా పాత జబ్బు తిరగబెట్టింది. ఆ వాక్యం తీసేసి, మొదటి మాటలు మార్చి, "కోయీ భీ దో డిబ్బే లే ఆయియే!" అని పెద్ద ఎర్రక్షరాల్లో అంటించాను. ఏ రెండు డబ్బాలైనా తీసుకురండి అని. కింద సూత్రం, దాని చుట్టూ పెట్టె.

పొద్దున్నే ఆమె వచ్చి చూసింది. "సర్, ఆ లైన్ ఏదీ?"

"చోటు సరిపోలేదమ్మా. ఎవరైనా అడిగితే నోటితో చెప్పెయ్."

"అది లేకపోతే తప్పు అవుతుంది కదా సర్."

"ఎవరూ అడగరు."

మాస్టారు చెబితే ఇంకేం అంటుంది?

హాలు నిండా జనం. ఫిజిక్స్ మాస్టారి అగ్నిపర్వతం మా ఎదురుగానే పొగ కక్కుతోంది, చుట్టూ చిన్నపిల్లలు మూగారు. అమ్మాయి తండ్రి కొట్టు కాసేపు మూసి వచ్చాడు. చేతిలో రెండు నిజం సున్నుండల డబ్బాలు, దూదివి పెట్టడం ఆయనకి అవమానంగా అనిపించిందట.

జడ్జీల్లో లెక్కల ప్రొఫెసర్ ఒకావిడ, మెయిన్‌లాండ్ నుంచి వచ్చారు. నలభై దాటిన వయసు, కళ్ళద్దాలు, తొందరలేని మనిషి. బటన్లు నొక్కి చూశారు. బల్బులు సరిగ్గానే వెలిగాయి. తర్వాత తలెత్తి నా ఎర్రక్షరాలు చదివారు.

"ఏ రెండు డబ్బాలైనా?" అన్నారు హిందీలో. "సరే. నేను ఆరు పట్టే డబ్బా ఒకటి, తొమ్మిది పట్టే డబ్బా ఒకటి తెచ్చాను. నీ సూత్రం ప్రకారం ఆఖరున ఇవ్వలేనిది ముప్పై తొమ్మిది. నాకు నలభై ఇవ్వమ్మా."

అమ్మాయి ఫలకం వైపు తిరిగి చూసింది.

"నలభై ఇవ్వలేను మేడమ్" అంది. "నలభై ఒకటి కూడా ఇవ్వలేను. మూడుతో భాగించబడనిది ఎంత పెద్దది అడిగినా ఇవ్వలేను. బోర్డు గలత్ హై."

బోర్డు తప్పని ఒప్పుకుని ఆగలేదు. ఆరు, తొమ్మిదిలో ఏం జరుగుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ఆరుతో భాగిస్తే తొమ్మిదికి మూడు మిగులు, రెండు తొమ్మిదులకి మిగులు లేదు, మళ్ళీ మూడు. మిగతా మిగుళ్ళు ఎప్పటికీ రావు. చెబుతూ చెబుతూ "కోయీ భీ" అన్న రెండు ముక్కల్నీ గోళ్ళతో పెకలించి బల్ల మీద పడేసింది. థర్మకోల్ పొడి మంచులా రాలింది.

ప్రొఫెసర్ గారు ఆసక్తిగా విన్నారు. తర్వాత "గైడ్ టీచర్ ఎవరు?" అన్నారు.

చెయ్యెత్తాను.

"ఇది మీరు ముందే చూడలేదా?"

నా ముందు మా పిల్లలున్నారు, ఎదురుగా ఫిజిక్స్ మాస్టారున్నాడు, పక్కన ఆమె తండ్రి ఉన్నాడు. నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పిల్లలు సొంతంగా చేసుకున్న ప్రాజెక్టు మేడమ్. వాళ్ళ పొరపాట్లు వాళ్ళవే ఉండనివ్వాలని నేను కల్పించుకోలేదు."

ఆ వాక్యం అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. సాఫీగా, మర్యాదగా, ఒక్క క్షణం తడబడకుండా అన్నాను. అమ్మాయి నా వైపు చూసింది. కోపం లేదు, ఏమీ లేదు. మళ్ళీ ఫలకం వైపు తిరిగింది.

అగ్నిపర్వతం నెగ్గింది.

తండ్రి డబ్బాలు సంచిలో పెట్టుకుని, "వస్తాం మాస్టారూ" అని కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆదివారం. పొద్దున్న లేచిన విమానం మా ఇంటి మీదుగానే పోయింది. ప్రొఫెసర్ గారు అందులోనే వెళ్ళి ఉంటారు. ఆవిడతో ఆ పిల్ల గురించి నిజం చెప్పే అవకాశం కూడా దానితో లేచిపోయింది.

సోమవారం స్టాఫ్ రూంలో ఫిజిక్స్ మాస్టారు మిఠాయి పంచుతూ నా దగ్గర ఆగాడు. "దాదా, ఆ అమ్మాయి అంత పెద్ద తప్పు ఎలా చేసింది? తెలివైన పిల్ల కదా."

"చేసింది నేను" అన్నాను. జరిగినదంతా చెప్పాను. అతను మిఠాయి పెట్టె మూత పెట్టేశాడు.

"నాకు చెప్పి ఏం లాభం? నేను జడ్జినా, ఆ పిల్ల తండ్రినా?" అన్నాడు. మళ్ళీ తనే "నడిచి వెళ్తావా, స్కూటర్ ఇవ్వనా?" అన్నాడు.

స్కూటర్ మీద వెళ్ళాను. సాయంత్రం, కొట్లో గిరాకీ బాగా ఉంది. అమ్మాయి లోపల కౌంటర్ వెనక కూర్చుంది. తండ్రి తూకం వేస్తూ "రండి మాస్టారూ. ఇంక చెప్పడానికేముంది, పందెం అయిపోయింది కదా" అన్నాడు.

"అందుకే వచ్చానండీ. మీ అమ్మాయి రాసింది సరిగ్గానే రాసింది. ఆ వాక్యం తీసేసింది నేను. చోటు లేదని, అందంగా ఉండదని. జడ్జి అడిగినప్పుడు అబద్ధం చెప్పాను."

ఆయన చెయ్యి తక్కెడ మీద ఆగింది. "ఇంట్లో మాకేం చెప్పలేదే!" అని లోపలికి తిరిగి, "ఏమే, సర్ చెప్పేది నిజమేనా? బోర్డు మార్చింది ఈయనా?" అన్నాడు.

"ఆఁ" అంది ఆమె, తల ఎత్తకుండా.

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదు?"

రెండు రోజులుగా దానికి జవాబు నేనే చెప్పుకుంటున్నాను. గురువు పరువు పోకూడదని మౌనంగా ఉండిపోయింది, ఆ చిన్న వయసులో ఎంత పెద్ద మనసు అని నాకు నేనే కన్నీళ్ళు పెట్టుకున్నాను కూడా.

"ఏం చెప్పాలి నాన్నా? ఎవరు తీశారో మేడమ్ అడగలేదు కదా. ఆరు, తొమ్మిది అడిగారు. అది బాగుంది." అప్పుడు తల ఎత్తి నా వైపు చూసింది. ఆ కళ్ళల్లో నా మీద దయా లేదు, నిందా లేదు. అసలు అందులో నేనే లేను. "సర్, వింటారా? ఆరు, తొమ్మిది అంటే మూడేసి కట్టలు కట్టిన రెండు, మూడు. కొత్తదేం కాదు. కానీ మూడు రకాల డబ్బాలుంటే? ఆరు, పది, పదిహేను. అందులో ఏ రెండు తీసుకున్నా కుదరదు, ఏదో ఒకటి రెండింటినీ భాగించేస్తుంది. మూడూ కలిస్తే మాత్రం ముప్పై నుంచి అన్నీ ఇచ్చేయొచ్చు! మూడింటికి సూత్రం ఏంటి సర్?"

ఇన్నేళ్ళలో ఏ విద్యార్థి ముందూ అనని మాట ఆ కిరాణా కొట్లో, బియ్యం బస్తాల మధ్య అన్నాను.

"నాకు తెలీదమ్మా."

ఆమె ముఖం వెలిగిపోయింది. నా అజ్ఞానం ఒక మనిషికి అంత సంతోషం ఇస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. తర్వాత ఇద్దరం వెతికితే, మూడు డబ్బాలకి అలాంటి ఒక్క సూత్రం కుదరదని పెద్దవాళ్ళు నిరూపించారని తెలిసింది. రెండు నుంచి మూడుకి వెళ్ళేసరికి దారి అంత మారిపోతుంది.

ఈలోగా కౌంటర్ ముందు నిలబడ్డ ఒకావిడ గోల పెట్టింది. "అరే దీదీ, ఐదేసివి రెండు అడిగితే ఎనిమిదేసివి ఇచ్చావేంటి?"

తండ్రి తల పట్టుకున్నాడు. "చూశారా మాస్టారూ! గిరాకీ ఎదురుగా నిలబడి ఉంటే ఇది పదిహేను గురించి ఆలోచిస్తోంది. దీన్ని కామర్స్ చదివించి ఇక్కడ కూర్చోబెడితే నా కొట్టు ఆరు నెలల్లో మునుగుతుంది." గొంతు తగ్గించి అన్నాడు. "పందెం కట్టింది మనిద్దరం. ఓడిపోయింది మీరు. మధ్యలో దాని చదువు ఎందుకు పోవాలి? లెక్కలే చదవనివ్వండి."

ఆయన వెనక అరలోంచి ఒక చిన్న డబ్బా తీసి, టక్కున మూత విప్పి, ఒక సున్నుండ నా చేతిలో పెట్టాడు. ఆ కొట్లో డబ్బా విప్పడం నేనే కాదు, ఎవరూ చూసి ఉండరు.

"నాన్నా!" అంది అమ్మాయి గాభరాగా. "ఇప్పుడు ఒకటి కూడా ఇవ్వొచ్చన్నమాట! నా లెక్కంతా పాడైపోయింది."

తండ్రి, నేను, డబ్బా మార్చుకోవడానికి నిలబడ్డ ఆవిడ, ముగ్గురం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఆమెకది నిజంగానే నష్టం.

ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన ఏళ్ళు నా బోర్డు అందవికారంగా ఉండేది. ప్రతి సూత్రం పక్కనా షరతు రాశాను, పెట్టె పట్టకపోతే పెట్టె చెరిపేశాను. శనివారాలు క్లాసయ్యాక ఉండాలనుకున్న పిల్లలతో సంఖ్యల గురించి కూర్చునేవాణ్ణి. ఎక్కువమంది వచ్చేవారు కాదు. వచ్చినవాళ్ళు పొమ్మన్నా పోయేవారు కాదు. వాళ్ళలో చూసిన ఒక సంగతి చెబుతాను. మంచి ప్రశ్న దొరికినప్పుడు పిల్లలు తమని తాము మర్చిపోతారు. ఎవరు గొప్ప, ఎవరిది తప్పు, ఎవరు చూస్తున్నారు, ఇవేవీ వాళ్ళకి వినిపించవు. నేను మాత్రం జీవితమంతా ఎవరు చూస్తున్నారోనని చూస్తూ లెక్కలు చెప్పాను. అందుకే అన్నేళ్ళు లెక్కలు నాకు కనపడలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు మెయిన్‌లాండ్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. ఇక్కడ పుట్టిన పిల్లలు చాలామంది అంతే. అందుకని ఇది రాయడం పూర్తయ్యాక ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. నా అబద్ధం కూడా దాటెయ్యకుండా చదివాను. చదవడం ముగించి, "ఎలా ఉందమ్మా?" అన్నాను.

"బాగుంది సర్. కానీ ఒక్క నిమిషం. జోడీల దగ్గర ఏం రాశారు, మళ్ళీ చదవండి."

చదివాను. ఒకటి నుంచి ఇరవై ఏడు దాకా ఒక్క సంఖ్య కూడా ఒంటరిగా మిగలదు.

"మరి ఇరవై ఏడుకి జోడీ ఎవరు సర్?"

కాగితం మీద వేసి చూశాను. ఒకటికి ఇరవై ఆరు, రెండుకి ఇరవై ఐదు, అందరికీ జోడీ దొరికింది. ఇరవై ఏడు ఒంటరిగా నిలబడి ఉంది.

"మళ్ళీ వదిలేశారు" అని ఫోన్లో పకపకా నవ్వింది. ఆ రోజు కొట్లో నవ్వని నవ్వంతా ఇప్పుడు నవ్వినట్టుంది.

పైన దిద్దలేదు. తప్పు ఎక్కడ చేశానో మీకు కనపడాలని అలాగే ఉంచేశాను. వదిలేసిన షరతు ఇక్కడ రాస్తున్నాను: కొట్టుకి వచ్చి, సున్నా సున్నుండలు కొని వట్టి చేతులతో వెళ్ళిపోయినవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకోవాలి.